తలుపు మీద మిగిలిన ముక్క

11 డిసెంబరు 1972, సోమవారం. సాయంత్రం

ఈరోజు హరిపద రాలేదు. నిన్న ఆదివారం, ఎలాగూ రాడు. ఈరోజు రావాలి.

శనివారం ఉదయం వచ్చాడు. ఆ ఉదయాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకుంటున్నాను. అన్ని ఉదయాల్లాంటిదే.

అయిదింటికి లేచి ప్రార్థన చేసుకున్నాను. నా మరదలు అన్నమ్మ బొగ్గుల పొయ్యి సందులో పెట్టి విసురుతోంది. పొగా మంచూ కలిసిపోయి ఎదుటి క్వార్టరు కనిపించలేదు. మొదటి సైరన్ కూసింది. సైకిళ్ళు వర్క్‌షాప్ వైపు కదిలాయి. తీతు మాత్రం దుప్పటి తీయలేదు. చర్చి క్యారల్స్ మొదలయ్యే రోజున ప్రతి ఏడూ సి.ఎల్. పెడతాడు నా పెద్ద తమ్ముడు. చిన్నవాడు సమూయేలు అప్పటికే జీపు కింద దూరాడు. వాడికి పెళ్ళి మాట ఎత్తినా అక్కడికే దూరతాడు.

ఏడింటికి హరిపద వచ్చాడు. సైకిలు వెనక ముడీ డబ్బా. మరమరాలు అనడం మా ఇంట్లో ఎప్పుడో మానేశాం. దీదీ అని ఒక్కసారే పిలిచాడు. కొలిచి పోసి, పైన ఇంకో గుప్పెడు వేశాడు. రోజూ వేస్తాడు. రోజూ వద్దంటాను. అరుగు మీద తీతుని చూసి, దాదా, ఆజ్ ఛుటి? ఈరోజు సెలవా అని నవ్వాడు. సాయంత్రం పాటలకి బయల్దేరతామని తీతు చెప్పాడు. హరిపద గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత స్టెప్నీ పని పెట్టుకున్నారు.

సమూయేలు తన జీపుకి మలంచాలో మిస్త్రీ చేత రేకు బాడీ కట్టించాడు. వెనక ఒకటే తలుపు. తలుపు మీద బయటివైపు ఇనప స్టాండు, దానికి మూడు బోల్టులు. స్టెప్నీ ఉండేది అక్కడే. పాత దాని రిమ్ము వంగిపోయింది. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న డిక్రూజ్ డ్రైవరు ఇల్లు ఖాళీ చేస్తుంటే వీడికి ఒక అల్లాయ్ వీలు దొరికింది. ఒక్కటే. డిక్రూజ్ బావమరిది ఓడ మీద తెచ్చాడట. చర్చిలో వెండి పళ్ళెంలా మెరుస్తోంది. ఇనప చక్రంలో సగం బరువు లేదు.

ఒక్క సక్రం ఏటి సేసుకుంటావురా అని తీతు అడిగాడు. కిందేస్తే బురద తింటాది, యెనక తలుపుకేస్తే ఊరంతా సూస్తాది అన్నాడు సమూయేలు. పెళ్ళికొడుకుని యెనక కూకోబెట్టడం నీ దగ్గిరే సూసినాను అని తీతు.

బిగించే ముందు నంబరు కొట్టాలి. మా ఇంట్లో నంబరు లేని వస్తువు లేదు. వర్క్‌షాప్‌లో తీతు టోకెన్ నంబరు 2741. చెంబు, ఇస్త్రీ పెట్టె, టిఫిన్ డబ్బాలు, నా కళ్ళజోడు పెట్టె, అన్నిటి మీదా అదే. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా రైల్వే క్వార్టర్లలో, అందరిళ్ళూ అంతే. పెళ్ళికీ చావుకీ గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటాం. నంబరు చూసుకుని అవే ఇంటికి వస్తాయి.

తీతు చక్రాన్ని అరుగు మీద పడుకోబెట్టి నన్ను పట్టుకోమన్నాడు. మధ్యలో ఒక బోల్టు కన్నానికి అటు రెండంకెలు, ఇటు రెండంకెలు. పంచ్ పెట్టి సుత్తితో గట్టిగా కొట్టాడు. ఇనుము మీద ఆ దెబ్బ గంటలా మోగుతుంది. ఇది మోగలేదు. టప్ అంది. మోగడం లేదురా అన్నాను. ఏటక్కా, దీని సేత కూడా కీర్తన పాడిస్తావేటి అన్నాడు.

ఇనప రిమ్ము పల్చన. ఈ అల్లాయ్ వీలు నడుమ నా బొటనవేలంత మందం. స్టాండు బోల్టులు చాలలేదు. నట్టు ఎక్కింది గానీ బోల్టు కొన నట్టు లోపలే ఉండిపోయింది, బయటికి రాలేదు. తీతు చూశాడు. నేనూ చూశాను. పండగెల్లాక లేతు మీద పొడుగు బోల్టులు తీస్తాను, ఈలోగా గట్టిగా లాగీసి ఉంచుదాం అన్నాడు. స్పానరుకి పైపు తొడిగి, ఒంట్లో బరువంతా వేసి లాగాడు.

ఆ సాయంత్రం గోపాలి వైపు రెండిళ్ళలో పాడి జీపులో తిరిగి వస్తున్నాం. మంచు. డోలక్, తాళాలు, పది గొంతులు. నేను వెనక తలుపు పక్కన కూర్చున్నాను. ఏమీ వినలేదు.

ఇంటి ముందు దిగి చూస్తే తలుపు మీద చక్రం లేదు. రెండు బోల్టులు బోసిగా ఉన్నాయి. మూడోదానికి నట్టు ఉంది. నట్టు కింద అరచేతంత అల్లాయ్ ముక్క ఉంది. ముక్క మీద 27.

తీతు టార్చి ఆర్పేశాడు. వెంటనే అన్నదమ్ములిద్దరూ అదే దారిలో వెనక్కి వెళ్ళారు. మంచులో ఏమీ దొరకలేదని వచ్చేశారు. రోడ్డు మీద ఉంటే ఎవడో అట్టుకుపోయుంటాడు, పీడా పోయింది అన్నాడు సమూయేలు.

హరిపద ఇల్లు గోపాలి అవతల. రోజూ ఆ రోడ్డునే పోతాడు.


12 డిసెంబరు

ఈరోజూ రాలేదు.


13 డిసెంబరు, బుధవారం

అన్నమ్మ బజారు నుంచి ఖాళీ సంచితో వచ్చింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది. వదినా, మన ముడీ అబ్బాయి అని ఆగిపోయింది. కొంచెం నీళ్ళిచ్చాను.

శనివారం సాయంత్రం ఇంటికి పోతూ, మంచులో రోడ్డు మీద దేనికో గుద్దుకున్నాడట. సైకిలుతో సహా కల్వర్టు కిందికి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. తెల్లారే దాకా అక్కడే పడి ఉన్నాడు. పొలానికి వచ్చినవాళ్ళు చూసి మిద్నాపూర్ ఆసుపత్రిలో వేశారు. పక్కనే ఒక చక్రం దొరికింది. తెల్లటి చక్రం. ఇప్పుడు పోలీసు థానాలో ఉంది. బజారంతా ఇదే మాట. బండి ఎవడిదో, చక్రం పడిపోతే వెనక్కి తిరిగి చూడని ఆ పాపాత్ముడెవడో అంటున్నారు.

నేను బియ్యం ఏరాను. చేతికి పని ఉండాలి.

తీతు వచ్చాక చెప్పాను. గోడకి ఆనుకున్నాడు. టార్చి అట్టుకుని ఆ కల్వర్టు మీదే నిలబడినాం అక్కా అన్నాడు. అంతే. అన్నం తినలేదు.


14 డిసెంబరు

చక్రం మీద 41 ఉంది. విరిగిన అంచున. రైల్వే పంచ్ దెబ్బ ఈ ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారు. థానా మనిషి వర్క్‌షాప్ టైమ్ ఆఫీసుకి వచ్చి, చివర 41 ఉన్న టోకెన్లు ఎవరెవరివి అని అడిగాడట. వందకొకటి ఉంటుంది. పేర్లు రాసుకుపోయాడు.

ముక్క నా ట్రంకు పెట్టెలో, చీరల కింద ఉంది. మొన్న తీతు దాన్ని విప్పి నా చేతికి ఇచ్చాడు. ఎందుకు నాకు ఇచ్చాడో అడగలేదు. విరిగినచోట గరుకుగా, పంచదార పలుకుల్లా ఉంది. పగులు ఎక్కడ మొదలైందో కళ్ళకి కనిపిస్తోంది. 7 అడుగు నుంచి.

ఇనుం లాగే అనుకున్నాను అక్కా, ఇది పోత పోసింది, పంచ్ దెబ్బకే లోపల సీలింది, నేను పైపు పెట్టి లాగితే మిగతాది అయిపోయింది అన్నాడు తీతు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇనుం మీదే కొట్టినాను అన్నాడు.

సమూయేలు తలుపు మూసి మాట్లాడాడు. అన్నయ్యకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. పోలీసు కేసయితే సస్పెండు. పింఛను పోద్ది. ఈ కోటరు పోద్ది. అందరం ఎక్కడికెల్తాం అన్నాడు. ఆ ముక్క ఫౌండ్రీలో కొలిమిలో పడేస్తే ఏటుంటాది, నీళ్ళైపోద్ది, 27 లేదు, 41 లేదు అన్నాడు.

వాడి మాటలో తప్పు లేదు. అదే నన్ను భయపెట్టింది.

రేపు తీతు తీసుకెళ్తాడు.


15 డిసెంబరు, శుక్రవారం. మధ్యాహ్నం

ఉదయం టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో ముక్క పెట్టి, పైన అన్నం సర్ది పంపాను. నా చేతులతోనే సర్దాను.


అదే రోజు. దీపాలు పెట్టాక

పోలమ్మ వచ్చింది. వెనక సందులో ఉంటుంది. ఆమె మొగుడు జగ్గారావు వర్క్‌షాప్‌లో ఖలాసీ. డ్యూటీ అయ్యాక పాత ఇనుం కొట్టువాడి వ్యాను తోలుతాడు. ఆ వ్యాను గోపాలి రోడ్డునే తిరుగుతుంది. అతని టోకెన్ చివర కూడా 41.

నిన్న సాయంత్రం పోలీసులు పిలిచి తీసుకుపోయారట. ఇంకా ఇంటికి రాలేదు.

గుమ్మం బయటే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. మేం మీ దేవుడికి మొక్కినోళ్ళం కాదు పెద్దమ్మా, అయినా నీ మాట ఇంటాడని అందరూ అంటారు, ఒక్కసారి సెప్పు అంది. మా ఆడు తాగుతాడు, కొడతాడు, అన్నీ నిజమే, గానీ మనిషిని రోడ్డు మీద ఒగ్గేసి వచ్చీ రకం కాదు, తాగినోడి మాట ఎవడు నమ్ముతాడు అంది. ఆమె ఏడవలేదు. కొంగుతో మా గుమ్మం మీది దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

ప్రార్థన చేశాను. ఆమె పక్కన మోకరించి, జగ్గారావు పేరు పలికి చేశాను. ఆమె ఆమెన్ అంది. ఎవరు నేర్పారో. లేచేటప్పుడు నా చేతులు కళ్ళకద్దుకుంది. ఆ చేతులే పొద్దున టిఫిన్ డబ్బా సర్దాయి.

ఇన్నేళ్ళలో ప్రార్థనకి భయపడటం ఇదే మొదలు.

ఆమె వెళ్ళాక తీతు వచ్చాడు. డబ్బా నా ముందు పెట్టాడు. మూత తీశాను. అన్నం అలాగే ఉంది. దాని కింద ముక్క ఉంది.

ఈరోజు ఇత్తడి పోత, అందులో ఇది ఏస్తే ఇత్తడి సెడిపోద్ది అన్నాడు తీతు.

వాడు నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పాల్సి వస్తే పనిలో లోపం చెప్పేవాడు.

జగ్గారావు సంగతి చెప్పాను. తెల్సు అన్నాడు. నిన్ననే తెల్సింది అన్నాడు. చెప్పులు విప్పకుండానే వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. తీతు ఎప్పుడూ అలా చేయడు.


16 డిసెంబరు, శనివారం

క్యారల్స్‌కి వెళ్ళకపోతే అందరూ ఎందుకని అడుగుతారు అన్నాడు సమూయేలు. తలుపు మీద ఖాళీ స్టాండు కనిపించకుండా పెద్ద కాగితం నక్షత్రం కట్టాడు. లోపల బల్బు కూడా పెట్టాడు. సందులో వాళ్ళంతా బాగుందన్నారు.

నేను వెళ్ళలేదు. గొంతు బాగాలేదన్నాను. అది నిజమే. ఉదయం నుంచి మాట పైకి రావడం లేదు.

జీపు సందు మలుపు తిరిగేదాకా ఆ నక్షత్రం వెలుగుతూ కనిపించింది. తర్వాత పోలమ్మ ఇంటి గోడ మీద దాని వెలుతురు ఒక్కసారి పడి మాయమైంది.


17 డిసెంబరు, ఆదివారం. మధ్యాహ్నం

ఆరాధన అయ్యాక ఇంటికి రాకుండా మిద్నాపూర్ బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపుతారని కాదు. ఆపితే ఆగిపోతానని.

హరిపద వార్డులో కిటికీ పక్కన ఉన్నాడు. కాలికి తాడు కట్టి, బరువు వేలాడదీసి పెట్టారు. ఆ బరువు మీద కూడా ఎవరో నంబరు వేశారు. నన్ను చూడగానే, దీదీ, మీకు ముడీ ఎవరిస్తున్నారు అని అడిగాడు. మొదటి మాట అదే. ఎవరూ ఇవ్వడం లేదన్నాను. వాళ్ళావిడ తలాపున నిలబడి ఉంది. ఆమె నాకు స్టూలు తుడిచి వేసింది.

నేను అడగలేదు. అతనే చెప్పాడు, బెంగాలీలో, మెల్లగా. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే ఎదురుగా పాటల బండి వచ్చిందట. సైకిలు దిగి పక్కన నిలబడ్డాడు. బండి దాటిపోయినా, పాట వినపడినంతసేపు అక్కడే ఉన్నాడు. మీ గొంతు కూడా గుర్తుపట్టాను దీదీ అన్నాడు. పాట ఆగిపోయాక మళ్ళీ సైకిలెక్కాడు. కొంచెం దూరం పోయాక గుద్దుకున్నాడు.

పడ్డాక పైన రోడ్డు మీద దీపం కనిపించిందట. ఎవరో నడుస్తున్నారు. పిలవాలని నోరు తెరిస్తే ఊపిరి రాలేదట. ఎవరో మంచివాళ్ళు వెతకడానికే వచ్చి ఉంటారు, నేను పలకలేకపోయాను అన్నాడు. ఆ తప్పు తనదే అన్నట్టు చెప్పాడు.

పోలీసులు అడిగారట, ముందు ఏ బండి పోయింది అని. పాటల బండి ఒక్కటే పోయిందని చెప్పాడు. వాళ్ళదేనా చక్రం అంటే కాదన్నాడు. దేవుడి పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళు, చక్రం పడిపోతే దిగి చూడరా సాబ్ అన్నాడట. అందుకే వాళ్ళు మా వైపు రాలేదు.

వాళ్ళావిడ అవునన్నట్టు తలూపింది.

తెచ్చిన నారింజలు బల్ల మీద పెట్టాను. ప్రార్థన చెయ్యమంటాడేమో అని భయపడ్డాను. అడిగాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. అతని కాలు మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాను. అతనే కళ్ళు మూసుకుని, ఠీక్ హై దీదీ, హయే గేఛే అన్నాడు. అయిపోయింది అని.

మళ్ళీ బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.


అదే రోజు. సాయంత్రం ప్రార్థన తర్వాత

ముక్కని బల్ల మీద పెట్టాను. హరిపద చెప్పిందంతా చెప్పాను.

సమూయేలు, బండి నాది, తోలినోడిని నేను, నేనెల్తాను అన్నాడు. నంబరు నాది అన్నాడు తీతు. ఇద్దరూ చాలాసేపు అదే మాట మీద ఉన్నారు. అన్నమ్మ కల్పించుకుని, కోటరు ఖాళీ సెయ్యమంటే మా అన్న సుందర్ రాజు ఇల్లుంది ఝపటాపూర్‌లో, ఒక గది ఇస్తాడు, ముందు జగ్గారావుని ఇంటికి పంపండి అంది. గోడకున్న గిన్నెలు అప్పుడే దించడం మొదలుపెట్టింది. అన్నిటి మీదా అదే నంబరు.

రేపు పొద్దున మొదటి సైరన్‌కి ముందే థానాకి వెళ్తాం. ముక్క తీతు చేతిలో ఉంటుంది. సమూయేలు తోలతాడు. పోలమ్మని కూడా ఎక్కించుకోవాలి. దారిలో ఆమెకి చెప్పాల్సింది నేను.

సమూయేలు నక్షత్రం విప్పేశాడు. వెనక తలుపు పక్కన నేను కూర్చుంటాను. ఈసారి పాట ఉండదు.